ట్రావెల్ ట్రైలర్ స్టెప్నీ: నేలకు తగలని టైరును ఎన్నేళ్ళకు మార్చాలి?

గోదావరిగట్టు | ఫ్రిస్కో, టెక్సస్ | 2 మే 2025

అందరికీ నమస్కారం. మా ఇరవై ఆరు అడుగుల, బండి వెనుక తగిలించుకొని లాగే ఇల్లులాంటి ట్రావెల్ ట్రైలర్‌ను 2019 వేసవిలో కొత్తగా కొన్నాము. దానితో వచ్చిన నాలుగు టైర్లను 2022 ఏప్రిల్‌లో తీయించి గుడ్‌ఇయర్ ఎండ్యూరెన్స్ టైర్లు వేయించాను. ఐదోది కూడా మార్చమంటారా అని షాపులోని కుర్రవాడు అడిగాడు. ఒక్కసారి కూడా నేలకు తగలని టైరును పారవేయడానికి మనసొప్పక వద్దన్నాను. అప్పటి నుంచి ఆ స్టెప్నీ ట్రైలర్ అడుగున, వెనుక ఇరుసుకూ బంపరుకూ మధ్య, గొలుసుకు వేలాడుతూనే ఉంది.

ఈ జూన్ 14న పిల్లలను, ఊరి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను తీసుకొని అమరిల్లో, ఆల్బకర్కీల మీదుగా గ్రాండ్ కాన్యన్‌కు బయలుదేరుతున్నాము. వెయ్యి మైళ్ళు పైబడిన ఆ దారిలో ఎక్కువ భాగం ఐ-40 (ఇంటర్‌స్టేట్ 40) హైవే మీదే సాగుతుంది. టైరు సైజు ఎస్‌టీ (ట్రైలర్లకే చేసే తరగతి) 225/75ఆర్15, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు) డి. సామానంతా నింపి లారీల కాటా మీద తూయిస్తే రెండు ఇరుసుల మీద కలిపి 6,100 పౌండ్లు వచ్చింది. అరగని టైరును వయసు చూసి మార్చాలా, లేక నాలుగు టైర్లు మళ్ళీ మార్చే రోజున దానిని కూడా చూసుకోవచ్చా? డబ్బు గురించి వెనుకాడటం లేదు గానీ, కారణం అర్థం కాకుండా మంచి వస్తువును పారవేయడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నిదానమే | ఎడిసన్, న్యూజెర్సీ | 2 మే 2025

గోదావరిగట్టు గారూ, మీరు 2022లో వద్దనడం తప్పని నేను అనుకోవడం లేదు. స్టెప్నీ పని మనలను దగ్గరలో ఉన్న టైరు షాపుకు చేర్చడమే తప్ప గ్రాండ్ కాన్యన్‌కు చేర్చడం కాదు. మిషలిన్ కంపెనీ చెప్పేది కూడా, టైరు వాడకంలోకి వచ్చి ఐదేళ్ళు దాటిన తరువాత ఏటా నిపుణుడితో పరీక్ష చేయించుకోవాలనీ, తయారైన తేదీ నుంచి పదేళ్ళు నిండితే స్టెప్నీతో సహా మార్చివేయాలనీ. మీ టైరుకు ఇంకా ఏడేళ్ళు కూడా నిండి ఉండవు. అది ఎండ తగలని చోట ఉంది. గాలి సరిగా పెట్టించి, పగుళ్ళు ఉన్నాయేమో చూసుకొని బయలుదేరండి. దారిలో దానిని వేయవలసి వస్తే గంటకు నలభై అయిదు మైళ్ళు దాటకుండా నడిపితే సరిపోతుంది.

ఎడారివాన | ఫీనిక్స్, అరిజోనా | 3 మే 2025

నిదానమే గారు చెప్పినట్టే మేమూ అనుకున్నాము. మీరు వెళ్ళబోయేది అదే ఐ-40 కనుక మాకు జరిగింది వివరంగా రాస్తాను.

మూడేళ్ళ క్రితం జూలైలో న్యూ మెక్సికో నుంచి తిరిగి వస్తూ ఉండగా, అరిజోనాలోకి వచ్చి శాండర్స్ దాటుతున్నప్పుడు కుడివైపు వెనుక టైరులో మేకు దిగి గాలి పోయింది. మావారు అరగంటలో స్టెప్నీ వేశారు. అది ట్రైలర్ వెనుక బంపరు మీద ఉండేది. దాని మీది తెల్ల ముసుగు అప్పటికే చిరిగిపోయి రెండేళ్ళయింది. అయినా టైరు చూడటానికి కొత్తదే. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిపోయే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా దాని ట్రెడ్ (నేలను తాకే గాడుల పొర) మీద నిలబడి ఉన్నాయి. వాటిని చూసే నేను ధైర్యం తెచ్చుకున్నాను. యాభై అయిదు దాటకుండా నడుపుతూ ముప్పై ఎనిమిది మైళ్ళు వచ్చాము. హోల్‌బ్రుక్ ఇంకా పన్నెండు మైళ్ళు ఉందనగా ట్రెడ్ మొత్తం ఒక్క పట్టీగా ఊడి, తిరుగుతూనే చక్రం పైనున్న పలుచటి చెక్కను చీల్చివేసింది. బ్రేకుల వైరు తెగింది, మురుగునీటి గొట్టం విరిగింది. లోపల కింది అల్మరాలోని గిన్నెలు రోడ్డు మీదికి కనిపించేంత రంధ్రం పడింది. ఆ ఎండలో మా అత్తగారిని రోడ్డంచు ఇనుప కంచెకు అవతల కూర్చోబెట్టి, సహాయపు బండి వచ్చేదాకా రెండున్నర గంటల పాటు గొడుగు పట్టుకొని నిలబడ్డాను.

తరువాత టైరు ముక్కను తీసి చూస్తే, ట్రెడ్ గాడుల అడుగున దారపు పోగంత సన్నటి పగుళ్ళు వరసగా కనిపించాయి. ముక్కను వంచితే అవి నోరు తెరుచుకున్నాయి, చదునుగా పెడితే మళ్ళీ మాయమయ్యాయి. బంపరు మీది టైరును పైపైన చూసి పగుళ్ళు లేవని చెప్పుకున్నది అందుకే. దాని వయసు ఏడేళ్ళ రెండు నెలలు.

నిదానమే | ఎడిసన్, న్యూజెర్సీ | 3 మే 2025

అమ్మా, చదువుతుంటేనే బాధ కలిగింది. మీ అందరికీ ఏమీ కానందుకు సంతోషం. అయితే మీ టైరు ఫీనిక్స్ ఎండలో, చిరిగిన ముసుగులో గడిపింది. గోదావరిగట్టు గారిది అడుగున నీడలో ఉంది. రెండింటినీ ఒకే లెక్కలో వేయవచ్చా అన్నదే నా సందేహం. ఎండే కారణమైతే నీడలో ఉన్నదానికి ఎక్కువ ఆయుష్షు ఉండాలి కదా?

రబ్బరుచెట్టు | ఏక్రన్, ఒహాయో | 3 మే 2025

నేను ఇరవై ఏళ్ళకు పైగా టైర్ల పరీక్షశాలల్లో పనిచేశాను. ఈ ప్రశ్న మీద చాలా మందికి సగం చిత్రమే తెలుసు కనుక కొంచెం నిడివిగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

టైరు ముసలిదయ్యే దారులు రెండున్నాయి. మొదటిది బయటి నుంచి వచ్చేది. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఓజోనూ పై రబ్బరును కొరుకుతాయి. దాని నుంచి కాపాడటానికి రబ్బరు మిశ్రమంలోనే మైనాన్నీ, ఓజోనును అడ్డుకునే రసాయనాలనూ కలుపుతారు. టైరు దొర్లుతూ వంగుతూ ఉంటే అవి లోపలి నుంచి కొద్దికొద్దిగా పైకి ఊరి ఒక పొరలా నిలుస్తాయి. రోజూ తిరిగే కారు టైరు తనను తాను అలా కాపాడుకుంటుంది. ఏడేళ్ళపాటు కదలకుండా వేలాడే స్టెప్నీకి ఆ అవకాశం సరిగా దొరకదు. అంటే నేలకు తగలకపోవడం అనే గుణం ఇక్కడ కొంత దోషంగా మారుతుంది.

రెండో దారి లోపలి నుంచి వచ్చేది, నా దృష్టిలో ఇదే అసలైనది. గాలి పెట్టిన టైరులో ఆ గాలిలోని ఆక్సిజన్ ఒత్తిడి మూలంగా రబ్బరు గుండా నిదానంగా బయటికి వస్తూనే ఉంటుంది. వచ్చే దారిలో ట్రెడ్ కింది ఉక్కు తీగల పట్టీల అంచుల దగ్గరి రబ్బరుతో కలిసి దానిని పెళుసుగా చేస్తుంది. ఎడారివాన గారి టైరులో ట్రెడ్ ఒక్క పట్టీగా ఊడినది సరిగ్గా ఆ అంచు దగ్గర మొదలై ఉంటుంది. ఈ పని ఎండలో ఎంత జరుగుతుందో నీడలోని వేడిలోనూ అంతకు తగ్గట్టు జరుగుతుంది, ఎందుకంటే దానికి కావలసింది వేడీ ఆక్సిజనూ తప్ప వెలుతురు కాదు. జూలైలో తారు రోడ్డు మీద నిలిపిన ట్రైలర్ అడుగు భాగం ఎంత వేడెక్కుతుందో టెక్సస్‌లో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

నిదానమే గారి సందేహం తీర్చడానికి ఇంకొక ఆధారం ఉంది. 2000 సంవత్సరంలో కొత్త టైరు చట్టం వచ్చిన తరువాత జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ ఫీనిక్స్‌లో వాడుకలో ఉన్న కార్ల నుంచి టైర్లను సేకరించి పరీక్షించింది. డిక్కీలో ఉన్న పూర్తి సైజు స్టెప్నీలు కూడా రోడ్డు ఎక్కకుండానే బలహీనపడ్డాయని అందులో తేలింది. ఆ సంస్థ 2007లో అమెరికా కాంగ్రెసుకు ఇచ్చిన నివేదికలో ఒక పెద్ద బీమా కంపెనీ లెక్క కూడా ఉంది. ఆ కంపెనీ పాలసీదారులలో టెక్సస్, కాలిఫోర్నియా, లూయిసియానా, ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాల వారు 27 శాతమే అయినా, టైర్ల క్లెయిములలో 77 శాతం అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో 84 శాతం ఆరేళ్ళు దాటిన టైర్లవి. కార్ల కంపెనీలలో కొన్ని ఆరేళ్ళనూ, టైర్ల కంపెనీలలో కొన్ని పదేళ్ళనూ హద్దుగా పెట్టుకున్నాయి.

ఇక మిషలిన్ వారి పదేళ్ళ సలహా సరైనదే, కానీ అది దాటరాని గరిష్ఠ గడువు మాత్రమే. పదేళ్ళూ వాడుకోవచ్చన్న హామీగా దానిని చదవకూడదు. పైగా మన ట్రైలర్లకు వేసే ఎస్‌టీ తరగతి టైర్లు కారు టైర్ల కంటే సైజుకు ఎక్కువ బరువు మోస్తాయి. కార్లకూ తేలికపాటి ట్రక్కులకూ వర్తించే కొత్త 139వ నంబరు అమెరికా భద్రతా ప్రమాణం కిందికి అవి రావు, పాతదైన 119 కిందికే వస్తాయి. ట్రైలర్ టైర్లు చేసేవారు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళ ఆయుష్షు చెబుతారు.

నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పాలంటే, టెక్సస్‌లోగానీ అరిజోనాలోగానీ బయట నిలిపే ట్రైలర్ స్టెప్నీని ఆరో ఏడు నిండకముందే మార్చాలి. తేదీని షాపు బిల్లు మీద చూడవద్దు, టైరు మీదే చూడండి. డీఓటీ (DOT, అమెరికా రవాణా శాఖ గుర్తు) అక్షరాల తరువాత వచ్చే అంకెల్లో చివరి నాలుగింటిలో మొదటి రెండు వారాన్నీ, తరువాతి రెండు సంవత్సరాన్నీ చెబుతాయి. 2318 అంటే 2018లో ఇరవైమూడో వారం. పూర్తి సంఖ్య టైరుకు ఒక పక్కనే ఉండటం మామూలు కనుక, కింది వైపు కనిపించకపోతే లేదనుకోవద్దు. దించి పై వైపు చూడండి.

రాళ్ళసీమ | హ్యూస్టన్, టెక్సస్ | 4 మే 2025

రబ్బరుచెట్టు గారూ, ధన్యవాదాలు. మా నాన్న ప్రొద్దుటూరులో లారీలు నడిపించారు, నేను పెరిగింది టైర్ల మధ్యనే. మీరు శాస్త్రం చెప్పారు, నేను అలవాటు గురించి చెబుతాను, ఎందుకంటే గోదావరిగట్టు గారి ప్రశ్న వెనుక మన వాళ్ళందరికీ ఉన్న ఒక అలవాటు కనిపిస్తున్నది.

మన ఊళ్ళలో స్టెప్నీ అంటే మిగిలిపోయిన టైరు. (ఆ మాట వేల్స్‌లోని లనెల్లి ఊళ్ళో స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. డేవీస్ సోదరులు 1904లో అక్కడే అదనపు చక్రాన్ని అమ్మడం మొదలుపెట్టారు. వాళ్ళ వీధి పేరు అమెరికాలో ఎవరికీ తెలియదు గానీ మన లారీ క్లీనర్లందరికీ నోటికి వచ్చు.) కొత్త టైర్లు ముందుకు, రీట్రెడ్ చేసినవి వెనక్కు, వాటిలో అందరికంటే అరిగినది స్టెప్నీకి. అది అక్కడ తప్పు కాదు. మన హైవే మీద పది కిలోమీటర్లు పోకముందే పాత టైరు వేలాడదీసిన ఒక పంక్చర్ షాపు వస్తుంది, అర్ధరాత్రి లేపినా లేచి పని చేసి పంపుతాడు. ఆ స్టెప్నీ పది కిలోమీటర్లు లాగితే చాలు. ఇక్కడ ఐ-10 మీద ఫోర్ట్ స్టాక్‌టన్ నుంచి వాన్ హార్న్‌కు దాదాపు నూట ఇరవై మైళ్ళు. ఆదివారం మధ్యాహ్నం మీ సైజు ఎస్‌టీ టైరు ఈ రెండు ఊళ్ళలో ఎక్కడైనా దొరికితే అదృష్టమే. రోడ్డు పక్కకు వచ్చే సహాయపు బండివాడు మన దగ్గరున్న చక్రాన్ని బిగించి పోతాడే గానీ టైరు వెంట తీసుకురాడు. అంటే ఇక్కడ స్టెప్నీ నూరు మైళ్ళు, పూర్తి బరువుతో, ఎండాకాలపు రోడ్డు మీద పనిచేయవలసిన టైరు. మిగిలిన నాలుగింటికి ఏ అర్హత కావాలో దానికీ అదే కావాలి.

అయితే మా నాన్న చేసిన ఇంకొక పని ఇక్కడ కూడా పనికివస్తుంది. రెండు మూడు నెలలకొకసారి స్టెప్నీని దించి రోడ్డెక్కించి, నడుస్తున్న వాటిలో ఒకదానిని దాని స్థానంలో పెట్టించేవారు. టైరును నిద్రపోనివ్వకూడదు అనేవారు. మైనం గురించి ఆయనకు తెలియదు గానీ, చాలాకాలం కట్టేసిన టైరు ఎక్కించిన వారానికే పగలడం ఆయన చాలాసార్లు చూశారు.

నిదానమే గారు చెప్పిన నలభై అయిదు మైళ్ళ వేగం గురించి కూడా ఒక మాట. లారీలు డెబ్భై అయిదుతో పోయే ఐ-40 మీద ముసలివాళ్ళనూ పిల్లలనూ ఎక్కించుకొని గంటల తరబడి నలభై అయిదుతో వెళ్ళడం వేరొక ప్రమాదం. స్టెప్నీ బలహీనంగా ఉందని తెలిసి దానికి తగ్గట్టు ప్రయాణం చేయడం కంటే, బలమైన స్టెప్నీతో బయలుదేరడం తేలిక.

పాలవెల్లి | రాచెస్టర్, మినిసోటా | 4 మే 2025

నమస్కారం. మాది చిన్న ట్రైలర్, ఒకే ఇరుసు. ఏడాదికి మూడు నాలుగు వందల మైళ్ళకు మించి తిరగదు, అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు గ్యారేజీలోనే ఉంటుంది. మాకు కూడా ఆరేళ్ళ హద్దే వర్తిస్తుందా? స్టెప్నీని విప్పి బేస్‌మెంట్‌లో ఫర్నేసు పక్కన పెడుతున్నాము, అక్కడైతే చలికి గట్టిపడదని. ఇది మంచిదేనా?

రబ్బరుచెట్టు | ఏక్రన్, ఒహాయో | 4 మే 2025

పాలవెల్లి గారూ, ఫర్నేసు పక్క నుంచి ఈ రోజే తీసివేయండి. వేడి ఒక కీడు, ఫర్నేసులోని మోటారు పుట్టించే కొద్దిపాటి ఓజోను మరొకటి. మోటార్లకు, వెల్డింగ్ యంత్రాలకు, బ్యాటరీ ఛార్జర్లకు దూరంగా, చల్లటి చీకటి గదిలో పెట్టండి. చలికి రబ్బరు తాత్కాలికంగా గట్టిపడినా వెచ్చబడగానే మామూలు స్థితికి వస్తుంది. వేడికి జరిగిన మార్పు మాత్రం ఇక పోదు.

గడువు విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఇటువంటి రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందనేది మేము వాడుకునే మోటు లెక్క. ఆ లెక్కన మీ గ్యారేజీలో గడిచిన ఏడాదీ ఫీనిక్స్‌లో గడిచిన ఏడాదీ టైరుకు ఒకటి కాదు. ఐదేళ్ళ నుంచి ఏటా విప్పించి చూసుకుంటూ ఎనిమిదేళ్ళ వరకు ఉంచుకోవడం నాకు అభ్యంతరకరం కాదు. కానీ మీది ఒకే ఇరుసు అంటున్నారు. అటువంటి ట్రైలర్‌లో టైరు పోతే ఆ పక్క మోయడానికి ఇంకొకటి ఉండదు కనుక చివరి ఏడాది వరకు లాగవద్దు.

ఎడారివాన | ఫీనిక్స్, అరిజోనా | 5 మే 2025

రెండు ఇరుసులున్నవారు కూడా పక్క టైరు ఉందిలే అని ధైర్యపడవద్దు. గోదావరిగట్టు గారి లెక్కే తీసుకుందాము. 6,100 పౌండ్లను నాలుగింటికి పంచితే ఒక్కొక్కదాని మీద 1,525 పౌండ్లు పడుతుంది. ఎస్‌టీ 225/75ఆర్15 లోడ్ రేంజ్ డి టైరు 65 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) గాలితో 2,540 పౌండ్లు మోయగలదు కనుక మామూలు రోజున ఇబ్బంది లేదు. ఒక టైరు పోయిన క్షణాన ఆ పక్క బరువు దాదాపుగా మిగిలిన దాని మీదికి వస్తుంది. అది 3,050 పౌండ్లు, అంటే టైరు శక్తికి అయిదు వందల పౌండ్లు ఎక్కువ. మాకు హోల్‌బ్రుక్ దగ్గర స్టెప్నీ పేలిన తరువాత మరుసటి రోజు షాపులో చూపిస్తే, దాని ముందున్న మూడేళ్ళ టైరు పక్క భాగం లోపలి వైపు నిమ్మకాయంత ఉబ్బి కనిపించింది. దానిని కూడా మార్చవలసి వచ్చింది. ఒక్క టైరు డబ్బు మిగుల్చుకోబోయి మూడు కొన్నాము. తలుపులు, గొట్టాలు, వైర్లు బాగుచేయించిన ఖర్చు అదనం.

నిదానమే | ఎడిసన్, న్యూజెర్సీ | 5 మే 2025

ఆ లెక్కను నేను ఎప్పుడూ వేసి చూడలేదని ఒప్పుకుంటున్నాను. దక్షిణ, పడమటి రాష్ట్రాల విషయంలో నా సలహాను వెనక్కు తీసుకుంటున్నాను. వయసు ఒక్కటే చూసి, గాలి సంగతి మరచిపోవడం మాత్రం మంచిది కాదనే మాట మీద నిలబడతాను. నేను చూసిన ట్రైలర్లలో కొత్త స్టెప్నీలలో కూడా సగం గాలే ఉంటుంది. గాలి తక్కువ ఉన్న కొత్త టైరు, నిండుగా ఉన్న పాత టైరు కంటే త్వరగా వేడెక్కి పోవచ్చు.

గోదావరిగట్టు | ఫ్రిస్కో, టెక్సస్ | 10 మే 2025

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ఎండెక్కకముందే స్టెప్నీని దించాను. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మొదట అది దిగనే లేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పని ఆ చిన్న వించి (గొలుసును చుట్టి టైరును దించే, ఎత్తే పరికరం) తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె వేసి, సుత్తితో నెమ్మదిగా తట్టి, గంటసేపటికి కదిలించగలిగాను. ఇదే పని రోడ్డు పక్కన, మా అమ్మానాన్నలు ఎండలో చూస్తుండగా చేయవలసి వచ్చేది కదా అన్న ఆలోచన ఆ గంటంతా వదలలేదు.

డీఓటీ సంఖ్య పూర్తిగా పై వైపునే ఉంది. చివరి అంకెలు 4718. అంటే 2018 నవంబరు. ట్రైలర్‌ను 2019లో కొన్నాను కనుక ఆరేళ్ళు అనుకుంటూ వచ్చాను. నిజానికి ఆరున్నర ఏళ్ళు. గాలి 65 ఉండవలసిన చోట 31 పీఎస్‌ఐ ఉంది. పై నుంచి చూస్తే ఒక్క పగులు కూడా కనిపించలేదు. టైరును నేల మీద నిలబెట్టి పైన నా బరువంతా వేసి నొక్కితే, కింది భాగం ఉబ్బిన చోట అక్షరాల చుట్టూ సన్నటి గీతలు తేలాయి. చేయి తీయగానే పోయాయి. ఎడారివాన గారు చెప్పినది అక్షరాలా అదే. వాల్వును పక్కకు వంచితే దాని మొదట్లో రబ్బరు సగం చుట్టు వరకు చీలి ఉంది. దానిని చూసిన తరువాత మిగిలిన వాదనలేవీ నాకు అవసరం లేకపోయింది. గాలి నింపి ఉంటే బహుశా ఆ నింపేటప్పుడే ఊడి వచ్చేది.

కొత్తది కొంటున్నాను. ఇప్పుడు నా ప్రశ్న వేరు. కొత్త టైరును స్టెప్నీగా వేలాడదీయాలా, లేక రోడ్డెక్కించి 2022 వాటిలో ఒకదానిని స్టెప్నీగా మార్చాలా?

రాళ్ళసీమ | హ్యూస్టన్, టెక్సస్ | 10 మే 2025

రోడ్డెక్కించండి. అదే కంపెనీ, అదే సైజు, అదే లోడ్ రేంజ్ కొనండి. మీ నాలుగూ రేడియల్ టైర్లు కనుక ఒకే ఇరుసు మీద బయాస్ ప్లై (లోపలి దారాలు ఏటవాలుగా ఉండే పాత తరహా) టైరు కలిసిపోకుండా చూసుకోండి. ఇప్పుడు నడుస్తున్న వాటిలో అందరికంటే బాగున్నదానిని స్టెప్నీకి పంపండి. అరిగినదానిని పంపే అలవాటును ఇక్కడ వదిలేయండి. మూడేళ్ళ టైరు స్టెప్నీగా ఇంకొక రెండేళ్ళు నిశ్చింతగా పనికివస్తుంది. 2027లో నాలుగు పాతవీ ఒకేసారి మార్చే రోజున, ఇప్పుడు కొన్నది రెండేళ్ళ వయసుతో స్టెప్నీ అవుతుంది. నాలుగు కొత్తవి రోడ్డెక్కుతాయి. ఆ తరువాత ఎప్పుడూ స్టెప్నీ మిగిలిన వాటికంటే రెండేళ్ళకు మించి పెద్దది కాదు. ఏడాదికొకసారి చక్రాలు మార్చేటప్పుడు దానిని కూడా కలుపుకుంటే ఇంకా మంచిది.

రబ్బరుచెట్టు | ఏక్రన్, ఒహాయో | 10 మే 2025

రాళ్ళసీమ గారి ఏర్పాటు నాకు సమ్మతమే. షాపులో అడగవలసినవి రెండే. టైరు తేదీ ఆరు నెలల లోపుదై ఉండాలి, ఎందుకంటే గోదాములో ఏడాదిన్నర పడి ఉన్నదానిని కొత్తదని అమ్మడం అరుదు కాదు. రెండోది, వాల్వును లోహపుది వేయించుకోండి. మామూలుగా నొక్కి ఎక్కించే రబ్బరు వాల్వుకు 65 పీఎస్‌ఐ గరిష్ఠ హద్దు. మీ టైరు చల్లగా ఉన్నప్పుడే ఆ హద్దు మీద పనిచేస్తుంది. రేపు మీరు 80 పీఎస్‌ఐ తీసుకునే లోడ్ రేంజ్ ఇ కి మారితే ఆ రబ్బరు వాల్వు అసలే పనికిరాదు.

టైరు నల్లగా మెరవడానికి పెట్రోలియం నూనెలతో చేసిన పాలిష్‌లు పూయవద్దు, అవి మైనాన్ని కడిగివేస్తాయి. సబ్బు నీళ్ళు చాలు.

ఎడారివాన | ఫీనిక్స్, అరిజోనా | 11 మే 2025

ఇంకొకటి కూడా చూడండి. మీ నడిచే చక్రాల రిమ్ములు అల్యూమినియంవై, స్టెప్నీ రిమ్ము ఇనుపదై ఉంటే, ఉన్న నట్లు దానికి సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో ఇంటి దగ్గరే ఒకసారి బిగించి తెలుసుకోవాలి. బిగించిన తరువాత 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి టార్క్ రెంచితో (బిగువును కొలిచే రెంచితో) మళ్ళీ చూడాలి. ట్రైలర్ చక్రాల నట్లు మొదటి మైళ్ళలో వదులవుతాయి.

గోదావరిగట్టు | ఫ్రిస్కో, టెక్సస్ | 17 మే 2025

పని పూర్తయింది. మొదటి షాపువారు తెచ్చిన టైరు మీద 2223 కనిపించింది. రెండేళ్ళ పాతదని చెప్పి తిప్పి పంపాను, ఆయన కూడా మారుమాట లేకుండా వేరే చోటి నుంచి తెప్పించారు. వచ్చినది 0825, అంటే ఈ ఫిబ్రవరిది. దానిని ఎడమవైపు ముందు చక్రానికి వేయించాను. అక్కడున్న 2022 టైరును విప్పించి లోపలా బయటా చూపించి, కొత్త లోహపు వాల్వుతో ఇనుప రిమ్ము మీదికి మార్పించి స్టెప్నీగా పెట్టించాను. నట్లు సరిపోయాయి. గాలి 65కు నింపి, రోడ్డు మీది నాలుగింటికి ఉన్నట్టే దానికి కూడా ప్రెషర్ సెన్సార్ బిగించాను. ఇక 31కి దిగేదాకా తెలియకుండా ఉండదు. వించిని కడిగి గ్రీజు పూసి, మా పెద్దవాడి చేత మూడుసార్లు దించి ఎక్కించి చూపించాను.

ఐదు టైర్ల తేదీలనూ ఒక కాగితం మీద రాసి, ట్రైలర్ తలుపు లోపల బరువుల స్టిక్కరు పక్కన అంటించాను. నాలుగింటి పక్కన 2027 మార్చి అనీ, ఐదో దాని పక్కన 2030 అనీ ఉంది.

పాలవెల్లి | రాచెస్టర్, మినిసోటా | 18 మే 2025

మీ కాగితం సంగతి చదివి మేము కూడా బేస్‌మెంట్‌లోకి వెళ్ళి టార్చి వేసి చూశాము. ట్రైలర్‌ను ముందటి యజమాని దగ్గర 2020లో కొన్నాము కనుక ఐదేళ్ళే అనుకుంటున్నాము. టైరు మీద 2216 అని ఉంది. శనివారం షాపు తెరవగానే వెళుతున్నాము.